విరిచి కాల్చే గాలి తుపాకీ

విశాఖ ఆర్కే బీచ్‌లోనో, హైదరాబాద్ నుమాయిష్‌లోనో, ఊరి తిరునాళ్లలోనో బెలూన్లు కాల్చే దుకాణం కనిపిస్తే అక్కడి తుపాకీని కాస్త పరిశీలనగా చూడండి. దుకాణదారు గొట్టం కొస పట్టుకుని కిందికి వంచుతాడు. విరిగినట్టు తెరుచుకున్న చోట చిన్న సీసపు పెల్లెట్ పెట్టి, గొట్టాన్ని పైకి మూసి పిల్లవాడి చేతికిస్తాడు. పొద్దుగూకింది మొదలు జనం పలచబడేదాకా ఇదే పని. గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, పక్కన పంపు ఉండదు. ఇసుకలో, దుమ్ములో ఎన్ని చేతులు మారినా తుపాకీ కాలుతూనే ఉంటుంది.

దీన్ని బ్రేక్ బ్యారెల్ ఎయిర్ రైఫిల్ అంటారు. నేటి ఒలింపిక్ పోటీల్లో ఇది కనిపించదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ముందే గాలి దట్టించి పెట్టుకునే రైఫిళ్లతో. అయినా సరదాగా గురి సాధన చేసేవాళ్లలో, కొత్తగా నేర్చుకునేవాళ్లలో ఈ పాత పద్ధతే కావాలని పట్టుబట్టేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ల ఇష్టానికి గట్టి కారణాలే ఉన్నాయి.

పెల్లెట్‌ను తోసేది ఏ తుపాకీలోనైనా ఒత్తిడిలో ఉన్న వాయువే. ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందన్నదాన్ని బట్టి రకాలు మారతాయి. స్ప్రింగుతో నడిచే పిస్టన్ ఒక రకం. చిన్న సీసాలో ద్రవరూపంలో ఉండే కార్బన్ డై ఆక్సైడ్ మరొకటి. కాల్చే ముందు చేత్తో పలుమార్లు పంపు కొట్టేది మూడోది. 200 నుంచి 300 బార్ల ఒత్తిడితో గాలిని సిలిండర్‌లో నింపి వాడుకునే పీసీపీ నాలుగోది. బ్రేక్ బ్యారెల్ మొదటి రకానికి చెందుతుంది.

గొట్టం మొదట్లో ఒక కీలు ఉంటుంది. గొట్టాన్ని వంచినప్పుడు కీలుకు తగిలించిన ఇనుప కడ్డీ వెనకనున్న పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ వెనక్కి జరుగుతూ బలమైన స్ప్రింగును అణచి, చివర ఒక కొక్కేనికి తగులుకుని ‘టక్’మని ఆగుతుంది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ దశలో తుపాకీలో ఒత్తిడితో ఉన్న గాలి చుక్కంత కూడా లేదు. మనిషి చేతి బలం అంతా స్ప్రింగులో దాగి ఉంది. ట్రిగ్గర్ నొక్కాకే పిస్టన్ ముందుకు దూకి, తన ముందున్న మామూలు గాలిని నొక్కుతుంది. పిస్టన్ వ్యాసం 25 మిల్లీమీటర్లు, ప్రయాణం 80 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ గాలి సుమారు 40 ఘన సెంటీమీటర్లు. రెప్పపాటులో పదోవంతు కూడా పట్టకుండానే అది సన్నని రంధ్రం గుండా పెల్లెట్ వెనక్కి చేరి దాన్ని బయటికి తోస్తుంది.

సైకిల్ టైరుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే ఎన్నో రెట్లు వేగంగా. వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు కనుక గాలి ఉష్ణోగ్రత వందల డిగ్రీలకు ఎగబాకుతుంది. పిస్టన్ సీలు దగ్గర నూనె ఎక్కువైతే డీజిల్ ఇంజన్‌లో ఇంధనం మండినట్టే భగ్గుమంటుంది. తుపాకీ పెద్ద శబ్దం చేస్తుంది, గొట్టంలోంచి పొగ వస్తుంది. ఇంగ్లండుకు చెందిన జి.వి. కార్డ్యూ, జి.ఎం. కార్డ్యూ స్ప్రింగు రైఫిల్‌ను నైట్రోజన్ వాతావరణంలో కాల్చి చూశారు. మంటకు ఆక్సిజన్ దొరక్కపోయేసరికి పెల్లెట్ వేగం బాగా పడిపోయింది. బాగా పనిచేస్తున్న తుపాకీలో కూడా ఆవిరంత కందెన మండి ప్రతి కాల్పుకూ కొంత సాయం చేస్తోందని దాంతో తేలింది. అందుకే పిస్టన్ గాలిని నొక్కే గదిలో కొబ్బరి నూనో, కుట్టుమిషన్ నూనో పోయకూడదు.

మనిషి పెట్టిన శక్తి అంతా పెల్లెట్‌కు చేరదు. స్ప్రింగులో దాగిన దాంట్లో మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే పెల్లెట్ మోసుకెళ్తుంది. మిగతాది వేడిగా, అదురుగా పోతుంది. అయినా అర గ్రాము బరువున్న 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ను సెకనుకు 240 మీటర్ల వేగంతో పంపిస్తే 14 జౌళ్ల పైచిలుకు శక్తి అవుతుంది. 10 మీటర్ల దూరంలో కాగితం మీద గురి సాధనకు అంత కూడా అవసరం లేదు.

మిగతా రకాలతో పోల్చినప్పుడు బ్రేక్ బ్యారెల్ గొప్పతనం తెలుస్తుంది. కార్బన్ డై ఆక్సైడ్ సంగతే తీసుకుందాం. 12 గ్రాముల సీసాలో ఉన్న ద్రవం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు 57 వాతావరణాల ఒత్తిడి ఇస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర అది 35కు పడిపోతుంది. 31 డిగ్రీలు దాటితే అసలు ద్రవంగానే నిలవదు. ఆపైన వేడి పెరిగేకొద్దీ సీసాలో ఒత్తిడి ఇంకా ఎగుస్తుంది, కవాటం తెరుచుకోవడానికే మొరాయించవచ్చు. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో అలాంటి తుపాకీ ఎలా పనిచేస్తుందో ఊహించవచ్చు. వరసగా కాలిస్తే ఇంకో చిక్కు. ద్రవం ఆవిరవుతూ తనను తాను చల్లబరచుకుంటుంది, పదో పెల్లెట్ మొదటిదానంత వేగంగా పోదు. ఉక్కు స్ప్రింగుకు ఈ బెడద దాదాపు లేదు. ఎండాకాలమైనా చలికాలమైనా ఒకసారి వంచితే స్ప్రింగులో చేరే శక్తి ఇంచుమించు ఒక్కటే.

పంపు కొట్టే రకంలో బలాన్ని మనమే నిర్ణయించుకోవచ్చు. మూడు సార్లు కొడితే కొంత, ఎనిమిది సార్లు కొడితే ఇంకొంత. కాల్చినప్పుడు తుపాకీ తన్నే తన్ను కూడా చాలా తక్కువ. కానీ ప్రతి పెల్లెట్‌కూ ఎనిమిది సార్లు పంపు కొట్టాక ఊపిరి నిదానించేదాకా గురి కుదరదు.

పీసీపీతో పోటీ మాత్రం కష్టం. గాలి ముందే సిద్ధంగా ఉంటుంది, కదిలే భాగాలు తేలిక, అదురు నామమాత్రం. నిజానికి ఈ ఆలోచన స్ప్రింగు పిస్టన్ తుపాకుల కన్నా పాతది. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం జిరార్డోని గాలి రైఫిల్‌ను వాడింది. దాని వెనకభాగమే గాలి తొట్టి. పక్కనున్న గొట్టంలో ఇరవై వరకూ గుళ్లు పట్టేవి. అమెరికాలో 1803లో బయల్దేరిన లూయిస్, క్లార్క్ అన్వేషణ బృందం వెంట కూడా ఒక గాలి రైఫిల్ ఉంది. జిరార్డోని తొట్టి నిండాలంటే సుమారు 1500 సార్లు పంపు కొట్టాలి. ఇన్నేళ్ల తర్వాత కూడా పీసీపీ బలహీనత అదే చోట ఉంది. ప్రత్యేకమైన చేతిపంపో, కంప్రెసరో, నీటి అడుగుకు వెళ్లే ఈతగాళ్లు వాడే గాలి ట్యాంకో లేకపోతే ఖరీదైన రైఫిల్ కూడా గోడకు చేరాల్సిందే. లోపలికి చేరిన తేమ, అరిగిన రబ్బరు రింగు, సన్నగా కారే గాలి, ఇవన్నీ యజమాని చూసుకోవాలి.

ఇంతకీ బ్రేక్ బ్యారెల్‌లో లోపమేమిటి? అసలు లోపం తన్నులో ఉంది. బరువైన పిస్టన్ ముందుకు దూకగానే తుపాకీ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివర తన ముందు నొక్కుకుపోయిన గాలి దిండుకు తగిలి ఆగేసరికి తుపాకీ ముందుకు తూలుతుంది. ఈ రెండు దిశల కుదుపు మొదలయ్యేటప్పటికి పెల్లెట్ ఇంకా గొట్టం దాటి ఉండదు. మామూలు రైఫిళ్ల కోసం చేసిన టెలిస్కోపులు వెనక్కి తన్నే తన్నును తట్టుకుంటాయి గానీ, ఈ ఎదురు కుదుపుకు లోపలి అద్దాలు కదిలిపోతాయి. స్ప్రింగు రైఫిల్‌కు తగ్గట్టు చేసిన టెలిస్కోపే కొనాలి.

గట్టిగా బిగించి పట్టుకుంటే గురి బాగుంటుందని కొత్తవాళ్లు అనుకుంటారు. ఈ తుపాకీతో అలా పట్టుకుంటే దెబ్బలు కాగితమంతా చెదిరిపోతాయి. పట్టు ప్రతిసారీ కొద్దిగా మారుతుంది, దాంతో కుదుపు దారీ మారుతుంది. ఎడమ అరచేతిని చాపి దాని మీద తుపాకీ కర్రభాగాన్ని ఊరికే ఆనించి, భుజానికి తేలిగ్గా తాకించి, కుదుపును దాని దారిన పోనివ్వాలి. ట్రిగ్గర్ నొక్కాక కూడా తల ఎత్తకుండా చూపును గురి మీదే నిలపాలి. ఈ క్రమశిక్షణ పట్టుబడ్డవాడు ఏ రైఫిల్ పట్టుకున్నా తడబడడు. చిన్న తప్పును కూడా దాచకుండా కాగితం మీద చూపించడం దీని అసలైన మేలు.

ఇంకో అనుమానం కీలు గురించి. ప్రతిసారీ వంగే గొట్టం ప్రతిసారీ అదే చోట కూర్చుంటుందా? చక్కగా చేసిన రైఫిల్‌లో కూర్చుంటుంది. గొట్టం స్థిరంగా ఉండి, కింద వేరే పిడి ఉండే అండర్ లివర్ రకాలు ఈ విషయంలో మెరుగే. కాకపోతే బరువెక్కువ. జర్మనీలో వైరౌహ్ కంపెనీ చేసే అండర్ లివర్ హెచ్‌డబ్ల్యూ 97 నాలుగు కిలోల పైమాట, అదే కంపెనీ చిన్న బ్రేక్ బ్యారెల్ హెచ్‌డబ్ల్యూ 30 రెండున్నర కిలోలే. ఒకప్పుడు పోటీల కోసమే బ్రేక్ బ్యారెళ్లు తయారయ్యాయి. వైరౌహ్ హెచ్‌డబ్ల్యూ 55లో గొట్టం మూసుకున్నాక గడియ పడేది. డయానా కంపెనీ గిస్ పద్ధతిలో ఎదురెదురుగా కదిలే రెండు పిస్టన్లు పెట్టి కుదుపును రద్దు చేసింది.

1981లో అమెరికాలో వచ్చిన బీమన్ ఆర్1 బ్రేక్ బ్యారెల్ రైఫిల్ పెల్లెట్‌ను సెకనుకు వెయ్యి అడుగులకు దగ్గరగా పంపించి వేగం మోజును పెంచింది. 1980ల మొదట్లో ఇంగ్లండులో థియోబెన్ సంస్థ ఉక్కు స్ప్రింగు బదులు వాయువు నింపిన సిలిండర్ (గ్యాస్ ర్యామ్) తెచ్చింది. అది చుట్టల స్ప్రింగులా కంపించదు, ఎక్కువసేపు వంచి ఉంచినా అలసిపోదు. సీలు పోతే మాత్రం ఇంట్లో బాగుచేసుకోలేం. పాత ఉక్కు స్ప్రింగును తగిన బిగింపు పనిముట్టు ఉన్న మెకానిక్ పూటలో మారుస్తాడు.

వేగం కోసం మరీ పాకులాడనక్కర్లేదు. భారత్‌లో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ల లోపు శక్తి, 4.5 మిల్లీమీటర్లు మించని గొట్టం ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్‌తో ఆ హద్దు సెకనుకు 283 మీటర్లు, అంటే ధ్వని వేగానికి బాగా లోపు. బలం పెరిగేకొద్దీ వంచడానికి కావలసిన బలమూ, కుదుపూ పెరుగుతాయి, గురి చెదురుతుంది.

వాడేవాళ్లు కొన్ని విషయాలు మరిచిపోకూడదు. పెల్లెట్ పెడుతున్నంతసేపూ రెండో చెయ్యి గొట్టాన్ని వదలకూడదు. కొక్కెం జారితే గొట్టం విసురుగా పైకి లేచి వేళ్లను నలిపేస్తుంది. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకూడదు. ఎదురు నిలిచే గాలి దిండు లేక పిస్టన్ నేరుగా గది గోడను గుద్దుతుంది, సీలు చెడుతుంది, స్ప్రింగు విరుగుతుంది. వేగం తగ్గిందనిపిస్తే, ఎదుట ఎవరూ లేరని, వెనక గట్టి అడ్డు ఉందని చూసుకుని, కీలు దగ్గర గొట్టం మూసుకునే చోట పలుచని టిష్యూ కాగితం ముక్క అంటించి ఒకసారి కాల్చి చూడాలి. కాగితం ఎగిరితే అక్కడి రబ్బరు రింగు అరిగిందన్నమాట. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కంటి అద్దాలు తప్పనిసరి. పిట్టల మీద ప్రయోగించడం క్రూరత్వం, చాలా పక్షుల విషయంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

అర మిల్లీమీటరు వెడల్పున్న పది పాయింట్ల చుక్క కోసం 10 మీటర్ల పోటీకి దిగేవాళ్లు ఏదో ఒకనాడు పీసీపీకి మారక తప్పదు. ఆ దశకు వచ్చేదాకానూ, పోటీల ఆలోచనే లేక ఆదివారం పూట డాబా మీద కాగితం గురికి కాల్చుకునేవాళ్లకూ మధ్యరకం బలం, మంచి ట్రిగ్గర్, మూడు కిలోల లోపు బరువు ఉన్న బ్రేక్ బ్యారెల్ సరిపోతుంది. దానికి డబ్బా పెల్లెట్లు, కంటి అద్దాలు, వెనక గట్టి అడ్డు ఉన్న గోడ ఉంటే మరే సామాను కొనాల్సిన పని లేదు.