కళాశాలలందు రచనాబోధనము: విద్యార్థిపత్రికల ప్రయోజనము

రచన యనగా కర్త పరోక్షమందుండగా పఠితకు అర్థబోధము కలిగించు వ్యాపారము. మాటలాడువాడు ఎదుటివాని ముఖము చూచి, అతనికి తెలియలేదని కనిపెట్టి, తిరిగి చెప్పగలడు. వ్రాయువానికి ఆ సదుపాయము లేదు. తన వాక్యమును చదువువాడు ఎచట సందేహపడునో, ఎచట విసుగు చెందునో, ఎచట అపార్థము చేసికొనునో ముందే యూహించి వ్రాయవలయును. ఈ యూహయే రచనాశిక్షకు జీవము. వ్యాకరణము దానికి అంగము, నిఘంటువు ఉపకరణము. అయినను కళాశాలల రచనాబోధనమున అంగోపకరణములకు గల స్థానము జీవమునకు లేదు. విద్యార్థి వ్రాయును, అధ్యాపకుడు ఎఱ్ఱసిరాతో దిద్ది అంక మొకటి వేయును, కాగితము కట్టలో చేరును. అందలి విషయమును తెలిసికొనగోరి చదివినవాడు ఒక్కడును ఉండడు. ఈ లోపమును తీర్చుటకు విద్యార్థిపత్రిక యెట్లుపకరించునో యిచట విచారింపబడుచున్నది.

పఠితను ఎదుట నిలుపుకొని వ్రాయుట తెలుగువారికి క్రొత్త గాదు. నేడు విజయవాడ వన్ టౌన్ అని పిలువబడు పాత బెజవాడ ఇంద్రకీలాద్రి పాదమున, కృష్ణ యొడ్డున వెలసినది. ఆ యూరి మల్లేశ్వరాలయ స్తంభముపై యుద్ధమల్లుని శాసనము కలదు. నన్నయకు పూర్వపుదైన ఆ శాసనము మధ్యాక్కరలలో నున్నందున ఛందశ్చరిత్రకారులకు ప్రసిద్ధము. జయంతి రామయ్యపంతులుగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. రచనాబోధకునకు దానియందు వేఱొక విశేషము కనబడును. కుమారస్వామి గుడిని, దానికి చేరిన మఠమును గూర్చి చెప్పుచు, ఆ మఠమున నివసింపదగినవారెవ్వరో తగనివారెవ్వరో అది నిర్ణయించుచున్నది. ఆ పద్యముల కర్త ఛందోనైపుణ్యము చూపుటకు మాత్రమే వ్రాయలేదు. గుడికి వచ్చువాడు తెలిసికొని యట్లు నడువవలెనని వ్రాసెను. పఠిత నిశ్చితుడు, ప్రయోజనము నిశ్చితము, కావుననే మాటయు నిశ్చితమయ్యెను.

సభలో పద్యము చెప్పు అవధాని స్థితియు నిట్టిదే. పృచ్ఛకుడు ఎదుటనే యుండును. అడిగినదానికి పొంతన లేని పూరణమును సభ వెంటనే గుర్తించును. ఈ విద్యను సంస్థానములకును ఊరూరికిని కొనిపోయిన తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులుగా నుండిరి. విశ్వనాథ సత్యనారాయణగారు అచట వారికి శిష్యులైరి. పిమ్మట తామును విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో అధ్యాపకులైరి. సభాసదులకు పద్యము వినిపించుట యలవడిన గురువు శిక్షయు, కాగితముపై తప్పులు దిద్దుటయే పనిగా గల గురువు శిక్షయు ఒక్కటి గావు. మొదటివాని సన్నిధిని శిష్యుడు రచనను సజీవమైన వ్యవహారముగా చూచును. రెండవవాని సన్నిధిని దానిని దండనగా తలచును.

ఆధునిక పాఠశాలలు వచ్చిన పిదప రచనాశిక్ష వేఱు మార్గము పట్టెను. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది మొదలు దాని వచనము విద్యార్థులకు మేలుబంతి యయ్యెను. మేలుబంతి చూచి వ్రాయుట మంచిదే. లక్ష్యము లేక లక్షణము తెలియదు. కాని సూరి వచనమును అనుకరించు బాలునకు సూరి పఠితలు గాని, సూరి ప్రయోజనము గాని లేవు. పిమ్మట 1911 మొదలు 1914 వఱకు మద్రాసు రాజధానిలో తెలుగు వ్యాసరచనను గూర్చి మహావివాదము జరిగెను. ఆంధ్రసాహిత్యపరిషత్తు 1911లో వెలసెను. గిడుగు రామమూర్తిపంతులుగారు 1913లో ఆధునికాంధ్రమును గూర్చి విజ్ఞాపనము ప్రకటించిరి. జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికమును సమర్థించిరి. మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచనోపసంఘము నివేదికపై గురజాడ అప్పారావుగారు 1914లో అసమ్మతిపత్రము వ్రాసిరి. ఇరుపక్షములందును మహావిద్వాంసులుండిరి, ఇరుపక్షములును లోకోపయోగమును గూర్చి మాటలాడినవే. అయినను తీర్పు పరీక్షాపత్రములోని భాషకే పరిమితమయ్యెను. విద్యార్థి యే భాషలో వ్రాయవలయునన్నది తేలినను, అతని వ్యాసమును పరీక్షకుడు గాక మఱియొకడు చదువు నేర్పాటు ఆ వివాదమున పుట్టలేదు.

ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలోనే ప్రారంభమై, 1930లో వాల్తేరు చేరెను. నాటికిని నేటికిని ఎన్నియో మార్పులు వచ్చినవి. భాషావివాదమును కాలము తీర్చినది. నేడు కళాశాల విద్యార్థి వ్యావహారికమందే వ్రాయుచున్నాడు. కాని వ్యాసము మాత్రము పూర్వమువలెనే “మానవుడు సంఘజీవి” అని మొదలై, “కావున ప్రతి యొక్కరును పాటుపడవలెను” అని ముగియుచున్నది. ఇది భాషాదోషము గాదు. గ్రాంథికమున వ్రాసినను ఇట్లే యుండును. అడుగువాడు లేనిచో చెప్పువాడు చెప్పునది యింతే. అదే విద్యార్థి స్నేహితునకు ఫోనుపై పంపు నాలుగు పంక్తులలో ఊరు, వేళ, మనిషి, పని అన్నియు స్పష్టముగా నుండును. అచట చదువువాడు కలడు గనుక వ్రాయుశక్తియు కనబడుచున్నది.

శాబ్దబోధవిచారము చేసినవారికి దీనియందు వింత లేదు. వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణములని శాస్త్రము చెప్పుచున్నది. ఇందు ఆకాంక్ష విన్నవాని జిజ్ఞాస. వినువాడు లేక ఆకాంక్ష యెక్కడిది? యోగ్యతాలోపమునకు నిప్పుతో తడుపుట ప్రసిద్ధోదాహరణము. “విద్య అనే దీపం సమాజమనే వృక్షానికి నీరు పోస్తుంది” అని వ్రాయు విద్యార్థి తెలియకయే ఆ యుదాహరణమును తిరిగి సృష్టించుచున్నాడు. అధ్యాపకుడు దానిక్రింద గీత గీచిన, అది యొక తప్పని మాత్రము తెలియును. తోడివిద్యార్థి నవ్వుచు “దీపం నీరెలా పోస్తుంది?” అని యడిగిన, ఎందులకు తప్పో తెలియును. అట్లే “నిన్న మార్కెట్టులో కూరగాయలు కొన్న ఆవిడ కొడుకు మా తరగతిలో చదువుతున్నాడు” అన్నచో, కొన్నది తల్లియా కొడుకా యని చదువరి సందేహించును. విశేషణమును విశేష్యమునకు చేర్చి నిలుపవలసిన యావశ్యకత సూత్రము చెప్పుటకు ముందే యచట అనుభవమునకు వచ్చుచున్నది. వ్యాకరణప్రయోజనములలో అసందేహమును పతంజలి పరిగణించుటకు కారణ మిట్టి స్థలములందు ప్రత్యక్షమగును.

ఈ పద్ధతి నడువవలసిన తీరు సులభమైనది. అఱువదిమంది గల తరగతిలో వారమునకు ఒక్కొక్కరు రెండువందల మాటలు వ్రాసినచో పండ్రెండువేల మాటలగును. ఒక్క యధ్యాపకుడు వానినన్నిటిని శ్రద్ధతో దిద్దుట దుర్ఘటము. అయిదుగురేసి చొప్పున పండ్రెండు బృందములు చేసినచో, ఒక్కొక్కడు చదువవలసినవి తన తోడి నలుగురి వ్యాసములు, ఎనిమిదివందల మాటలు మాత్రమే. చదివినవాడు పొగడరాదు, తెగడరాదు. అంచున రెండు ప్రశ్నలు మాత్రము వ్రాయవలయును. కర్త ఆ ప్రశ్నలకు జవాబు వేఱుగా వ్రాయక, జవాబు ఇమిడిపోవునట్లు వ్యాసమునే తిరిగి వ్రాయవలయును. అట్లు తిరుగవ్రాసినవానిని వారివారి సమ్మతితో గోడపత్రికయందు నిలుపవలయును. సంవత్సరాంతమున వానిని సంపుటముగా కుట్టి గ్రంథాలయమున నుంచినచో, మఱుసటి యేటి విద్యార్థులును పఠితలగుదురు. అధ్యాపకుడు వారమునకు ఒక్క వ్యాకరణవిషయమునే గ్రహించి, విద్యార్థుల వాక్యములనే పేరు చెప్పక యుదాహరింపవలయును. అంకములు వేయునపుడు మొదటి ప్రతిని, కడపటి ప్రతిని ప్రక్క ప్రక్కన నుంచి పోల్చవలయును. అపుడు తెలివిగలవాని సహజశక్తికి గాక, ప్రతివాని పరిశ్రమకును ఫలము దక్కును.

విషయములకై దూరము పోనక్కఱలేదు. కొత్తపేటలో 1965లో స్థాపితమైన కాకరపర్తి భావనారాయణ కళాశాలవంటి విద్యాలయమున చదువువానికి చుట్టును వ్రాయదగినవే కలవు. కాళేశ్వరరావు మార్కెట్టు, టోకు బట్టల అంగళ్లు, కొండయెక్కు భక్తులు, నదినుండి చీలి డెల్టాకు పోవు కాలువలు అన్నియు దాపుననే యున్నవి. 1852 మొదలు 1855 వఱకు కట్టబడిన పాత ఆనకట్ట 1952 నాటి వఱదకు తెగుటయు, 1957లో ప్రకాశము బారేజీ పూర్తియగుటయు ఇండ్లలోని పెద్దలు చెప్పుకొను కథలు. తాతగారు చెప్పగా విని, కాలువ లాకును గూర్చి యొకడు “లాకు తలుపులు తెరిచి పడవను పైకి పంపేవారు” అని వ్రాసెననుకొందము. డెల్టా యెఱుగని తోడివాడు రెండే ప్రశ్నలు వేయును: “ఏ తలుపులు? రెండూ ఒకేసారి తెరిస్తే నీళ్లన్నీ పోవా?” కర్త తాతగారిని మరల నడిగి యిట్లు వ్రాయును: “దిగువ నుంచి వచ్చిన పడవను లాకులోకి చేర్చి, దిగువ తలుపులు మూసేవారు. తరవాత ఎగువ తూము తెరిస్తే లోపల నీరు పెరిగి, దానితోపాటు పడవా లేచేది. లోపలి నీరు ఎగువ నీటితో సమానమయ్యాకనే ఎగువ తలుపులు తెరిచేవారు.” మొదటి వాక్యమునందును వ్యాకరణదోషము లేదు. ఎఱ్ఱసిరా దానిని విడిచిపెట్టెడిది. కాని దానిని చదివినవాడు లాకును చూడలేడు. ఈ మూడు వాక్యములు చదివినవాడు చూడగలడు. తూము, ఎగువ, దిగువ యను మాటలు నిఘంటువునుండి గాక, వాడినవారి నోటినుండి వచ్చినవి. క్త్వార్థకములును చేదర్థకములును పనులక్రమమును ఎట్లు నిలుపునో బోధించుటకు ఇంతకు మించిన సందర్భము దొరకదు.

ఇచట కొన్ని పూర్వపక్షములు కలవు. విద్యార్థులు ఒకరి తప్పులను మఱియొకరు చదివినచో అపశబ్దములు వ్యాపించుననుట మొదటిది. దీనికి మహాభాష్యమే సమాధానము. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోవును గాని, మాట కావలసినవాడు వైయాకరణుని యింటికి పోయి మాటలు చేసి యిమ్మనడని పస్పశాహ్నికమున పతంజలి చూపినాడు. శబ్దములు లోకమునందే కలవు. వానిలో సాధువులను వివేచించుట శాస్త్రము పని. లోకమును తరగతిలోనికి రానీయకున్న, శాస్త్రము వివేచింపవలసినది యేమియు మిగులదు. తప్పు ఎట్లును కలదు. కట్టలో దాగినది పెరుగును, గోడపై నిలిచినది దిద్దబడును.

వెక్కిరింతకు జడిసి బిడియపడు విద్యార్థులు మాననుట రెండవది. ఇది నిజమైన భయమే. తెలుగు ఇంట మాటలాడక, బడిలోను చదువక, కళాశాలలో మొదటిసారి వ్రాయువారు నేడు కలరు. వారి మొదటి ప్రతిని బృందము గాక యన్యులు చూడరాదు. గోడపైకి తిరుగవ్రాసినదే పోవలయును. పేరు వేయుట కర్త యిష్టము. బజారున కలిసిన మనుష్యుని గూర్చి వ్రాసినపు డతని పేరును ఆనవాళ్లను విడువవలెనని గూడ మొదటి దినముననే చెప్పవలయును. రచన యితరుల చేతికి పోవునన్న యెఱుకతోపాటు దాని బాధ్యతయు నేర్వదగినదే.

పఠితలను మెప్పింపగోరి విద్యార్థి తేలికమాటలకు అలవాటుపడుననుట మూడవది. ఇది కొంతవఱకు అంగీకరింపదగినది. పదిమంది నవ్విన వ్యాసము మంచిదే యగునను నియమము లేదు. ఇచటనే అధ్యాపకుని యావశ్యకత తెలియుచున్నది. తోడివాడు అస్పష్టతను పట్టగలడు, అల్పతను పట్టలేడు. స్పష్టమైన వ్యాసమున నింకను లోతు లేదని చెప్పుటకు, పూర్వుల వచనమును ప్రక్కన నుంచి చూపుటకు, పండితుడు కావలయును. విద్యార్థిపత్రిక పండితుని పనిని తగ్గింపదు. అచ్చుతప్పుల దిద్దుబాటునుండి విడిపించి అతనిని తన పనికి చేర్చును.

పరీక్షలందు దీనికి అంకములు లేవుగదా యను నాలుగవ యాక్షేపమునకు దీర్ఘచర్చ యనవసరము. ప్రశ్నలకు లోబడి తిరుగవ్రాయుట యలవడినవాడు పరీక్షకుని ప్రశ్నను గూడ ఇతరులకంటె శ్రద్ధగా చదువును.

పట్టభద్రులైనవారు పురపాలకకార్యాలయమునకు తమ వీధి కాలువను గూర్చి తెలుగున ఒక యర్జీ వ్రాయలేక, అద్దెవ్రాతగాని కొఱకు వెదకుట చూచినవారికి ఇందలి గురుత్వము తెలియును. తెలుగు మాటలాడు భాషగా నిలిచి, వ్రాయు భాషగా క్షీణించునేమో యన్న యాందోళన నిరాధారము గాదు. భాష పుస్తకములందు భద్రముగా నున్నంతమాత్రమున జీవింపదు. ఒకడు వ్రాయగా వేఱొకడు చదివి, తెలియక యడిగి, తెలిసికొనినపుడు జీవించును. అట్టి వ్యవహారమునకు వారమునకు ఒక్క గంటయైనను తరగతిగది చోటిచ్చినచో, వ్యాకరణమునకును సాహిత్యమునకును వేర్వేఱుగా చేయుచున్న సేవ యేకమై ఫలించును.