జన్యు పరిశోధన పత్రంలో ఏం రాయాలి?

"ఈ జన్యువు ఉంటే షుగర్ వస్తుంది", "ఆ జన్యువు ఉంటే నూరేళ్లు బతుకుతారు" అన్న వార్తలు తరచూ కనిపిస్తుంటాయి. వాటి వెనక ఉన్న పద్ధతి సులువైనదే. జబ్బున్నవాళ్లను, లేనివాళ్లను రెండు గుంపులుగా తీసుకుని, ఏ జన్యు తేడా ఏ గుంపులో ఎక్కువగా ఉందో లెక్కిస్తారు. 2002లో జోయెల్ హర్ష్‌హార్న్ బృందం అలా ప్రకటించిన 600కు పైగా సంబంధాలను తిరగేసింది. వాటిలో మూడుసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు పరీక్షకు నిలిపినవి 166. నిలకడగా తేలినవి ఆరే!

ఎందుకలా అవుతుందో అమెరికాలోని అరిజోనాలో జరిగిన ఒక అధ్యయనం చక్కగా చూపిస్తుంది. అక్కడి పీమా, పాపాగో మూలవాసుల్లో మధుమేహం చాలా ఎక్కువ. విలియం నోలర్ బృందం 4,920 మందిని పరిశీలించగా, ఒక జన్యు గుర్తు ఉన్నవాళ్లలో ఆ జబ్బు 8 శాతం మందికే ఉంది. అది లేనివాళ్లలో 29 శాతం. ఇంత తేడా చూస్తే జబ్బును ఆపే జన్యువు దొరికిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ గుర్తు ఐరోపా పూర్వీకుల నుంచి వచ్చింది. పూర్వీకుల పాళ్లు ఒకేలా ఉన్నవాళ్లను పోల్చి చూడగానే తేడా దాదాపు మాయమైంది. ఆ గుర్తు మధుమేహం గురించి ఏమీ చెప్పడం లేదు, వంశం గురించే చెబుతోంది. ఆ బృందం పూర్వీకుల వివరాలు సేకరించింది కాబట్టి, వాటిని 1988 నాటి పత్రంలో రాసింది కాబట్టి ఈ సంగతి బయటపడింది.

పరికరాలూ మోసం చేస్తాయి. శతాధిక వృద్ధుల జన్యువులపై 2010లో 'సైన్స్' పత్రిక ప్రచురించిన పత్రాన్ని మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్నారు. నమూనాలను చదివిన జన్యు చిప్‌లలో ఒక రకం తప్పులు చేసిందని తేలింది.

ఇలాంటి వివరాలు పత్రాల్లో తప్పనిసరిగా ఉండాలన్న పట్టుదలతో 2006లో కెనడాలోని ఒట్టావాలో నిపుణులు సమావేశమయ్యారు. ఆ చర్చల ఫలితంగా 2009లో 'స్ట్రెగా' మార్గదర్శకాలు వెలువడ్డాయి. పరిశీలనాత్మక అధ్యయనాలకు అప్పటికే ఉన్న 'స్ట్రోబ్' జాబితాలోని 22 అంశాల్లో పన్నెండింటికి జన్యు సంబంధమైన చేర్పులు చేశారు. జన్యురూపాన్ని ఏ పద్ధతిలో చదివారు, తప్పులు ఎంత మేరకు ఉండవచ్చు, పాల్గొన్నవాళ్లలో బంధువులున్నారా, వంశ భేదాలను ఎలా సరిచూశారు, ఇది తొలి నివేదికా లేక పాతదాన్ని మళ్లీ పరీక్షించడమా అన్నవన్నీ అందులో ఉన్నాయి. పరిశోధన ఎలా చేయాలో స్ట్రెగా శాసించదు. చేసినది దాచకుండా రాయమంటుంది, అంతే. ఆ మాత్రం రాస్తేనే చదివేవాళ్లు ఫలితాన్ని తూచగలరు.

మన దేశంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా సహచరులతో కలిసి 2009లో 25 సముదాయాలకు చెందిన 132 మంది జన్యువులను విశ్లేషించారు. తరతరాలుగా కులంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఒకే ప్రాంతంలోని సముదాయాల మధ్య కూడా జన్యు తేడాలు గట్టిపడ్డాయని తేలింది. అంటే ఒకే ఊళ్లో రోగులు ఒక సముదాయం నుంచి, ఆరోగ్యవంతులు ఇంకో సముదాయం నుంచి ఎక్కువగా వస్తే, పీమాల విషయంలో ఎదురైన చిక్కే ఇక్కడా ఎదురవుతుంది. ఎవరిని ఎక్కడి నుంచి ఎలా ఎంచుకున్నారో పత్రం చెప్పకపోతే ఆ చిక్కును పసిగట్టే దారి పాఠకుడికి ఉండదు.