మీకు తెలుసా? బ్యాటరీలు తేల్చిన కొలత!

ఇంట్లో కూర్చుని ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధట్యాంకుల నమూనాలు చేసేవాళ్లకు 1:35 అనే కొలత కంఠతా వచ్చు. అసలు ట్యాంకులో 35 సెంటీమీటర్లున్నది నమూనాలో ఒక్క సెంటీమీటరే. మరి ఈ 35 ఎక్కడిది? ఏ లెక్కల మాస్టారూ తేల్చింది కాదు. 1960ల మొదట్లో జపాన్‌లోని షిజువోకాకు చెందిన టామియా కంపెనీ జర్మనీ పాంథర్ ట్యాంకు కిట్ తయారుచేసింది. అది మోటారుతో నడవాలి. లోపల బ్యాటరీలు పట్టేలా గీస్తే కొలత దాదాపు 1:35 దగ్గర ఆగింది. అంతే! తర్వాత మోటార్లు పోయినా ఆ అంకె పోలేదు. పోటీ కంపెనీలూ దాన్నే పట్టుకున్నాయి.

1976లో వచ్చిన పోర్షె 934 కారు నమూనా కోసమైతే టామియా వాళ్లు నిజం పోర్షె 911 కారునే కొని, విప్పి చూశారు. బొమ్మ కోసం కారా అని ముక్కున వేలేసుకోకండి, ఆ పట్టుదలే వాళ్ల పేరు నిలబెట్టింది.

విమానాల దగ్గర ఎక్కువగా వినిపించేది 1:72. ఆరడుగుల పైలట్ సరిగ్గా అంగుళానికి దిగుతాడు. రెక్కల మీది గుర్తులకు డెకాల్స్ అనే పల్చటి అతికించే బొమ్మలు ఇస్తారు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానితే కాగితం మీంచి జారతాయి, తడి కుంచెతో మెల్లగా నెట్టి అతికించాలి. ముందు ఫ్యాను ఆపండి సుమా!