పప్పు మానేస్తే వణుకు తగ్గుతుందా?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా గల్లీల్లో తెలంగాణ నుంచి వచ్చి సాంచాలు నడిపే పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. అలాంటి ఇంట్లో పెద్దాయనకు పార్కిన్‌సన్స్ అని తేలితే ఊరి నుంచి ఫోన్లో ఒక సలహా, పక్కింటి గుజరాతీ బా (పెద్దావిడ) దగ్గర్నుంచి ఇంకొకటి, జిమ్‌కు పోయే మనవడి నుంచి మూడోది వస్తాయి. అన్నిట్లోనూ కొంత నిజం ఉంటుంది. తంటా అక్కడే.

అపోహ: పప్పు, గుడ్డు, పాలు మానేయాలి.

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపా. అదీ ఒక అమైనో ఆమ్లమే. పేగు గోడ దాటాలన్నా, రక్తంలోంచి మెదడులోకి చేరాలన్నా లూసిన్, ఫినైల్ అలనిన్ లాంటి మిగతా అమైనో ఆమ్లాలు పోయే దారినే పోవాలి. కడుపునిండా పప్పన్నం తిని వెంటనే మాత్ర వేసుకుంటే పప్పులోని అమైనో ఆమ్లాలు ఆ దారి దగ్గర ఎగబడతాయి, మందు వెనకబడుతుంది. గంట గడిచినా కాళ్లు కదలవు. "గోలి పని చేస్తలేదు" అంటాడు తాత. గోలి మంచిదే, వేళే తప్పు. చాలామందికి భోజనానికి అరగంట ముందు గానీ, తిన్నాక గంట, గంటన్నర ఆగి గానీ వేసుకుంటే సరిపోతుంది. అప్పటికీ కుదరకపోతే పప్పు, గుడ్డు ఎక్కువగా రాత్రి భోజనంలో తినమని డాక్టర్లు చెబుతారు. మొత్తానికే మానేస్తే అసలే చిక్కిన కండలు ఇంకా కరుగుతాయి.

అపోహ: కౌచా పాక్ సహజమైనది, హాని చేయదు.

చలికాలంలో గుజరాతీలు చేసుకునే ఈ మిఠాయిలోని కౌచా మన దూలగొండి గింజే. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి ఈ గింజల్లోంచి లెవోడోపాను వేరుచేశారు. పార్కిన్‌సన్స్‌కు అది మందని తేలడానికి మరో రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. కాబట్టి బా మాట కొట్టిపారేయలేం. గింజ పని చేస్తుంది, భయమూ అందుకే. ఏ గింజలో ఎంత మందుందో ఇంట్లో ఎవరు తూచగలరు? మాత్రకు తోడు అదీ తింటే మోతాదు మీరి వాంతులు, బీపీ పడిపోవడం, ఒళ్లు మెలికలు తిరగడం రావచ్చు.

అపోహ: ఆక్సీకరణ ఒత్తిడి వల్లే జబ్బు, యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు చాలు.

ఈ జబ్బులో దెబ్బతినే మెదడు భాగంలో గ్లూటాథయోన్ తగ్గిపోతుంది. గ్లుటమేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలతో కణం తయారుచేసుకునే రక్షకం అది. ఇంతవరకూ సరే. కానీ అమెరికా, కెనడాల్లో 800 మంది మీద చేసిన పరీక్షలో విటమిన్ ఇ జబ్బును నెమ్మదింపజేయలేదని 1993లో తేలిపోయింది.

ఇక మనవడు తెచ్చే జిమ్ పొడుల డబ్బాలు. క్రియాటిన్‌కు మనతో చుట్టరికం ఉంది: కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో కనుగొన్న ఇద్దరిలో ఒకరు మన యల్లాప్రగడ సుబ్బారావు. అయినా 1,700 మందికి పైగా పార్కిన్‌సన్స్ రోగులకు ఇచ్చి చూసిన క్రియాటిన్ ప్రయోగాన్ని లాభం లేదని 2013లో ఆపేశారు. బీసీఏఏ (లూసిన్ లాంటి అమైనో ఆమ్లాల) పొడి సంగతి ఇంకా చేదు. నాడులు చచ్చుబడే ఏఎల్‌ఎస్ రోగులకు ఇటలీలో దాన్ని ఇస్తే, తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువ కనిపించి మధ్యలోనే నిలిపేశారు. నేరం పొడిదేనని రుజువు కాలేదు, మేలు మాత్రం కనబడలేదు.

ఒక కాగితం మీద వారం రోజులు మాత్ర వేళ, భోజనం వేళ, కాళ్లు బిగిసిన వేళ రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. ఎవరు ఏం చెప్పినా లెవోడోపాను ఉన్నట్టుండి ఆపకండి, అది ప్రాణం మీదికి తేవచ్చు.