పాముకు ఒక్క రాత్రి విడిది
కొయ్యపెట్టె కట్టడంలో మెలకువలు

నిజాంసాగర్: చెరకు నరికే కూలీల మధ్య “పాము!” అన్న కేక లేచిందంటే కొడవళ్లు ఆగి కర్రలు లేస్తాయి. కనిపించినది జెర్రిపోతా, నాగుపామా అని చూసే ఓపిక ఎవరికీ వుండదు. చచ్చినదాన్ని గట్టున పారేసి మళ్లీ పనిలో పడతారు. “చంపకండి, పట్టేవాళ్లను పిలవండి” అనేవాళ్లు కూడా ఇప్పుడు పల్లెల్లో వున్నారు. పిలవడం వరకు బాగానే వుంది. పట్టిన పామును అటవీ సిబ్బంది వచ్చేదాకా ఎందులో వుంచాలన్నదే చిక్కు. గోనెసంచి, నూనె డబ్బా, ప్లాస్టిక్ డ్రమ్ము, ఏది దొరికితే అందులో వేస్తారు. సంచిలోంచి కోర దిగవచ్చు. ఎండలో వున్న రేకు డబ్బాలో పాము వుడికి చావవచ్చు. ఈ చిక్కుకు విరుగుడు వూరి వడ్రంగి చేతిలోనే వుంది. అదే పద్ధతిగా కట్టిన కొయ్యపెట్టె.

ఎలుక వెంట పాము

మంజీరపై 1923-31 మధ్య నిజాంసాగర్ కట్టాక ఈ ప్రాంతానికి కాలువ నీరు వచ్చింది. బోధన్‌లో 1937లో చక్కెర ఫ్యాక్టరీ నెలకొన్నాక చెరకు తోటలు పెరిగాయి. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడినా చెరకు పూర్తిగా పోలేదు. వరి మడులు సరేసరి. పంట వున్న చోట ఎలుక, ఎలుక వున్న చోట పాము. విషం లేని జెర్రిపోతు ఎలుక బొరియల్లో దూరి పిల్లలతో సహా మింగుతుంది. దాన్ని చంపిన రైతు తన పొలం కాపలాదారుణ్ణే చంపుకున్నట్టు.

పెట్టె కట్టే తీరు

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు వుంటే మామూలు పాములకు చాలు. టేకు, వేప, మామిడి పలకలు ఏవైనా ఫరవాలేదు. అరంగుళం ప్లయ్‌వుడ్ అయినా సరే. అతుకుల్లో సందు వుండకూడదు. తల దూరిన చోట పాము మొత్తం దూరుతుంది.

ముఖ్యమైనది తలుపు. పైమూత తెరిచి చేత్తో పామును దించే పెట్టె ప్రమాదం. ఒక పక్క పలకకు గుండ్రటి కన్నం చేసి, గాడిలో పైకీ కిందికీ జారే పలకను దానికి అడ్డంగా పెట్టాలి. బెదిరిన పాము చీకటి సందు వెతుక్కుంటుంది. కన్నానికి పొడవాటి గొట్టం తగిలిస్తే తానే లోపలికి పోతుంది. పోగానే జారుడు పలక దించి గొళ్లెం వేసి, తాళం పెట్టాలి. జంతు ప్రదర్శనశాలల్లో విషసర్పాల గదులు శుభ్రం చేసేటప్పుడు వాటిని తరలించేది ఇలాంటి పెట్టెల్లోకే. వదిలేటప్పుడు పలకకు తాడు కట్టి దూరం నుంచి లాగవచ్చు.

గాలికి రెండు పక్కలా పెసరగింజంత బెజ్జాలు వరసగా వేయాలి. ఇనుపజాలీ కొడితే పాము ముక్కు రాపాడించి పుండు చేసుకుంటుంది. మేకు మొనలు లోపలికి రాకూడదు. లోపల రంగు, వార్నిష్ పూయకూడదు, ఆ వాసన మూసిన పెట్టెలో విషంతో సమానం. అడుగున రంపపు పొట్టు వద్దు, పాత వార్తాపత్రిక పరిస్తే చాలు. బెజ్జాల దగ్గర చేయి పడకుండా మోసే పిడులు మూత మీద వుండాలి. మూత మీద “పాము వుంది” అని పెద్ద అక్షరాలతో రాసి, ఏ పాము, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో చీటీ అంటించాలి.

పాముకు ఒంటి వేడి సొంతంగా వుండదు. చుట్టూ ఎంత వేడో దాని ఒంట్లో అంత వేడి. మే నెల ఎండలో పెట్టె వదిలేస్తే ప్రాణం దక్కదు. నీడలో, మనుషులూ పిల్లలూ తిరగని గదిలో వుంచాలి. ఒక పెట్టెలో ఒకే పాము. కట్లపాము, నాగుపాము తోటి పాములనే మింగుతాయి. మేత పెట్టనక్కరలేదు. పాము వారాల తరబడి తినకుండా వుండగలదు, బెదిరితే తిన్నది కక్కేస్తుంది కూడా. పాలు అసలే వద్దు. అది పాము ఆహారం కాదు.

కుండల్లో పాములు

విషసర్పాలను పద్ధతిగా దాచేవాళ్లు దేశంలో లేకపోలేదు. తమిళనాడులో ఇరుల గిరిజనులు ఒకప్పుడు తోళ్ల కోసం పాములు పట్టేవారు. 1976లో పాము తోళ్ల ఎగుమతిని నిషేధించాక వారి బతుకు తెరువు పోయింది. 1978లో మద్రాసు దగ్గర వడనెమ్మేలిలో వారికోసం సహకార సంఘం ఏర్పడింది. ప్రభుత్వ అనుమతితో పట్టిన పాములను ఇసుక వేసిన మట్టికుండల్లో వుంచి, మూతికి గుడ్డ కట్టి, దాదాపు మూడు వారాల్లో నాలుగుసార్లు విషం తీస్తారు. తర్వాత పొట్ట పొలుసుకు గుర్తు పెట్టి విడిచేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి కాటు మందు చేస్తారు. ఇరుల పాములవాళ్లు వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ దక్కింది.

నాగుల పంచమికి బుట్టలో నాగుపామును తెచ్చే పాములవాళ్ల తీరు వేరు. కోరలు పీకిన పాము, మూతి కుట్టిన పాము ఎన్నాళ్లో బతకదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాములను అనుమతి లేకుండా పట్టడం, ఇంట్లో పెంచడం నేరం. పెట్టె ఎంత బాగా కట్టినా అది ఇల్లు కాదు, ఒక్క రాత్రి విడిది మాత్రమే. పామును పట్టే పని నేర్చినవారికే వదలాలి. అటవీ శాఖకు వెంటనే కబురు చేయాలి. విడిచేటప్పుడు కూడా దొరికిన చోటుకు దగ్గరలోనే విడవాలి. ఎక్కడో దూరపు అడవిలో వదిలితే నీరు, నక్కే చోటు తెలియక తిరిగి తిరిగి చస్తుంది.

కాటు పడితే

2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువమంది పల్లెవాసులే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ కాటు మందు ఒకటే. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం తగదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి, 108కి ఫోన్ చేసి, ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి తీసుకుపోనక్కరలేదు.

నాలుగు పలకలు, ఒక గొళ్లెం, వడ్రంగి ఒకరోజు కూలి. పంచాయతీకి ఒక పెట్టె వుండి, దాన్ని వాడడం నేర్చిన మనిషి ఒకరుంటే, కర్ర ఎత్తే ముందు ఆగడానికి వూరికి ఒక కారణం దొరుకుతుంది.