మెట్లెక్కితే పిక్కలు పెరుగుతాయా?

అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి వెళ్లే శ్రీవారి మెట్టు దారిలో 2388. ఇంత కొండ ఊరి పక్కనే పెట్టుకుని పిక్కల కోసం జిమ్‌లో మళ్లీ కష్టపడటం ఎందుకన్న వాదన తిరుపతిలో సహజంగానే పుడుతుంది. వారమంతా ఛాతీకి, జబ్బలకు బరువులెత్తి, కాళ్లకు మాత్రం శనివారం కొండెక్కడంతో సరిపెడితే ఏడాది తిరిగేసరికి పైభాగం నిండుతుంది, మోకాలి కింద సన్నగానే మిగులుతుంది. కొండ నడక గుండెకు మేలు చేస్తుంది, తొడలకు సత్తువనిస్తుంది, అందులో సందేహం లేదు. అయితే వెనకబడిన కండను పైకి తేవడానికి కావలసింది వేరు. ఆ కండ బాగా సాగిన స్థితిలో గట్టి బరువు మోయాలి, ఇక ఎత్తలేననే దశ దగ్గరికి రావాలి, ఆ తర్వాత దానికి కోలుకునే వ్యవధి దొరకాలి.

మెట్టెక్కేటప్పుడు పాదాన్ని గమనిస్తే సంగతి తెలిసిపోతుంది. పాదం చాలా భాగం మెట్టు మీద ఆనుతుంది, మడమ మెట్టు అంచు కన్నా కిందికి దిగదు. ఒంటిని పైకి లేపే పనిలో పెద్ద వాటా తొడ ముందు కండరాలది, పిరుదులది. పిక్క పూర్తిగా సాగకుండానే, పూర్తిగా ముడుచుకోకుండానే మధ్యలో కాస్త పని చేసి ఊరుకుంటుంది. అలిపిరి దారిలో ఒక్కో కాలు దాదాపు 1775 సార్లు లేస్తుందంటే, ప్రతిసారీ పిక్క మీద పడే భారం దాని శక్తిలో కొద్ది భాగమేనన్న మాట. గాలిగోపురం దాకా నిలువు ఎక్కుడులోనూ, చివర్లో మోకాళ్ల మెట్టు దగ్గరా ఆగేది ఆయాసం వల్ల, తొడలు మండటం వల్ల. పిక్క చేతులెత్తేయడం వల్ల ఆగేవాళ్లు తక్కువ. పైగా లోపలి పొర అయిన సోలియస్ కండరంలో సుమారు 80 శాతం తంతువులు నెమ్మదిగా, అలసట లేకుండా పనిచేసే రకానివి. నిలబడినంతసేపూ, నడిచినంతసేపూ పనిచేసేది అదే కాబట్టి మరికొన్ని వేల అడుగులు దానికి కొత్త పనిలా అనిపించవు.

హమాలీల పిక్కలు జిమ్ ముఖం చూడకుండానే బలిసి ఉంటాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఎక్కువ ఒళ్లున్న వాళ్లలోనూ పిక్కలు గట్టిగా ఉండటం చూస్తుంటాం. ఇద్దరిలోనూ కారణం అడుగుల లెక్క కాదు, ఏళ్ల తరబడి ప్రతి అడుగులో కాలు మోసిన అదనపు బరువు. ఆ ఉదాహరణ మెట్ల నడక కన్నా బరువుల వాదననే బలపరుస్తోంది.

సాగిన స్థితి ఎంత ముఖ్యమో 2023లో వెలువడిన రెండు పరిశోధనలు చూపాయి. బ్రెజిల్‌లో యువతుల చేత 8 వారాలు కాఫ్ రైజ్ (మడమలు దించి లేపే వ్యాయామం) చేయించారు. మడమ కిందికి దిగే సగంలో మాత్రమే చేసిన వాళ్ల పిక్క లోపలి వైపు కండ మందం సుమారు 15 శాతం పెరిగింది. పూర్తిగా దించి పూర్తిగా లేపిన వాళ్లలో 7 శాతానికి లోపు, పై సగంలోనే ఆడించిన వాళ్లలో 3 శాతం పైచిలుకు. జిమ్‌లో ఎక్కువగా కనిపించేది ఈ మూడో రకమే: మెషిన్ మీద పెద్ద బరువు వేసుకుని, మడమ దించకుండా గబగబా ఎగరడం. రెండో పరిశోధన జపాన్‌ది. పాల్గొన్న ప్రతి ఒక్కరూ ఒక కాలితో నిలబడి, ఇంకో కాలితో కూర్చుని 12 వారాలు కాఫ్ రైజ్ చేశారు. పైకి ఉబ్బెత్తుగా కనిపించే గాస్ట్రాక్నీమియస్ బయటి భాగం నిలబడి చేసిన కాలిలో 12 శాతం పెరిగితే, కూర్చుని చేసిన కాలిలో 2 శాతం కూడా పెరగలేదు. ఆ కండ మోకాలిని దాటి పైకి వెళ్తుంది కాబట్టి మోకాలు మడిస్తే వదులైపోతుంది. తొడ వెనక కండరాలకు పడుకుని చేసే లెగ్ కర్ల్ కన్నా కూర్చుని చేసేది మేలని తేలడానికీ కారణం ఇదే సూత్రం.

అందుచేత చేయాల్సిన పద్ధతి సులువైనదే. ఎత్తైన చెక్క అంచున పాదం ముందు భాగం ఆనించి, మోకాలు నిటారుగా ఉంచి, మడమను వీలైనంత కిందికి దించాలి. అక్కడ ఒకటి రెండు సెకన్లు ఆగి, ఊపు లేకుండా లేవాలి. 10 నుంచి 15 రెప్స్ దగ్గర ఇక కాదనిపించే బరువు చాలు, ఒక కాలి మీదే చేస్తే ఒంటి బరువే చాలామందికి సరిపోతుంది. వారానికి 10 నుంచి 15 సెట్లు రెండు మూడు రోజులకు పంచుకోవాలి. మొదటి వారం సగంతో మొదలుపెట్టడం క్షేమం, లేకపోతే మడమ వెనక స్నాయువు నొప్పి పట్టుకుని నెలంతా వృథా అవుతుంది. వ్యాయామంలో పిక్కలనే ముందు పెట్టుకోమని పాతకాలపు శిక్షకులు చెప్పిన మాటకు పరిశోధనల మద్దతు బలం విషయంలోనే గట్టిగా ఉంది, పరిమాణంలో పెద్ద తేడా కనిపించలేదు. అయినా పాటించమనే నా సలహా, ఎందుకంటే చివరికి వాయిదా వేసిన సెట్లు తరచూ జరగనే జరగవు.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఉన్న వ్యాయామానికి ఇవన్నీ కలిపితే ఒళ్లు కోలుకోదు, కాబట్టి ముందున్న కండల వాటా తగ్గించాలి. ఛాతీ తగ్గిపోతుందేమోనన్న భయంతో చాలామంది దీనికి ఒప్పుకోరు. ఆ భయానికి ఆధారం లేదు. 2011లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం పరిశోధకులు 16 వారాలు కాళ్లకు బరువులతో శిక్షణ ఇచ్చి, తర్వాత 32 వారాలపాటు కొందరి వ్యాయామాన్ని మూడో వంతుకు, మరికొందరిది తొమ్మిదో వంతుకు కుదించారు. 20-35 ఏళ్ల వాళ్లలో తొమ్మిదో వంతుతోనూ పెరిగిన కండ నిలిచే ఉంది. 60 దాటిన వాళ్లకు మాత్రం మూడో వంతు కూడా చాల్లేదు, పెద్దవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కుర్రవాళ్లు రెండు మూడు నెలలు ఛాతీకి వారానికి నాలుగైదు సెట్లతో సరిపెట్టినా పోయేదేమీ లేదు.

పిక్కలు పుట్టుకతో వచ్చేవే, ఎంత చేసినా పెరగవన్నది ఆఖరి అభ్యంతరం. ఇందులో సగం నిజముంది. కండ ఎక్కడ ముగిసి స్నాయువు మొదలవుతుందో మన చేతిలో లేదు. 585 మంది చేత 12 వారాలు ఒకే రకం జబ్బ వ్యాయామం చేయించిన 2005 నాటి అధ్యయనంలో కొందరికి ఏమీ పెరగలేదు, ఒకరికి 59 శాతం పెరిగింది. కానీ నూటికి నూరు పాళ్లు శ్రద్ధ పెట్టకముందే పుట్టుకను నిందించడం తొందరపాటు. ఆర్నాల్డ్ ష్వార్జనెగ్గర్ పిక్కలు కూడా మొదట వెనకబడినవే. దక్షిణాఫ్రికాలో బాడీబిల్డర్ రెగ్ పార్క్ దాదాపు 450 కిలోలతో కాఫ్ రైజ్ చేయడం చూశాక తన బరువులు ఎంత తక్కువో తెలిసిందని ఆయనే చెప్పాడు. లోపం రోజూ కళ్లబడేలా ప్యాంటు మోకాలి కింద కత్తిరించుకుని వ్యాయామం చేశాడు. ఆయన ఒంటి తీరు అందరికీ రాదు, కానీ బరువు పెంచాలన్న ఆ నిర్ణయం ఎవరైనా తీసుకోవచ్చు.

తిండి సంగతి మన చిత్తూరు వైపు వాళ్లకు పెద్ద ఇబ్బంది కాదు. కిలో ఒంటి బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. రాగిసంకటి ఒక్కటే అది అందించలేదు, పక్కన ఉలవలు, వేరుశనగలు, గుడ్లు, పాలు, కోడికూర పడాలి. కొలత నెలకోసారి, ఉదయం, వ్యాయామానికి ముందు, రెండు కాళ్ల మీద సమంగా నిలబడి టేపుతో తీసుకోవాలి. మూడు నెలలకు కూడా కదలకపోతే వారానికి మరో రెండు మూడు సెట్లు కలపాలి. పిక్కలు అందుకున్నాక వాటినీ ఇతర కండల్లాగే తక్కువ సెట్లతో నిలబెట్టుకుని, కోలుకునే శక్తిని తర్వాత వెనకబడిన భాగానికి మళ్లించవచ్చు.