మచ్చ వేరు, గాయం వేరు
(బండి రంగు మీద పడే చారలు, మరకల గురించి)

– ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

రసాయన శాస్త్రమంటే పరీక్షనాళికలు, బ్యూరెట్లు మాత్రమేనని నేనూ చాలాకాలం అనుకున్నాను. మా వాకిట్లో నిలబెట్టిన మోటారు సైకిలు ఆ భ్రమ పోగొట్టింది.

మాది ఉద్దానంలో జీడి, కొబ్బరి నమ్ముకున్న కుటుంబం. 2018 వేసవిలో జీడిపిక్కలు అమ్మిన డబ్బుతో మా అయ్య ఒక పాత మోటారు సైకిలు కొన్నాడు. ఎర్రరంగుది. ఆ ఏడాదే అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తోట నేలకొరిగింది. జీడిమొక్క నాటితే కాపు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఇక ఇప్పట్లో మరో బండి కొనలేమని తెలిసి, అయ్య దాన్ని బిడ్డలా చూసుకొనేవాడు.

ఒకనాడు కాశీబుగ్గలో ఒక ఆటో రాసుకుపోయి, మడ్‌గార్డు మీద పసుపు చార పడింది. ఆ వారంలోనే జీడితొక్కల బస్తా వేసుకొస్తే టాంకు మీద నల్ల మరక పడింది. పని ఒత్తిడిలో నాలుగు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. తరువాత అయ్య కొబ్బరిపీచు, పొయ్యిలో బూడిద తీసుకుని గిన్నెలు తోమినట్టు రెంటినీ తోమేశాడు. పసుపు చార పోయింది, దానితోపాటు మా ఎరుపూ పోయింది. నల్ల మరక మాత్రం కదల్లేదు. వానాకాలం వెళ్లేసరికి మడ్‌గార్డు మీద తోమినచోట తుప్పు లేచింది. “ఏటిరా, బూడిదెడితే ఇత్తడి మెరుస్తాది గదా, ఇదేటి ఇలగైపోనాది?” అన్నాడు. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబే ఈ వ్యాసం.

ఇత్తడి చెంబు పైనా లోపలా ఇత్తడే. పైన నల్లబడిన పొర బూడిదకు లేచిపోతే, అడుగున కొత్త ఇత్తడి కనిపిస్తుంది. బండి రేకు అలా కాదు. ఇనుము మీద ప్రైమరు, దాని మీద రంగు, చాలా బండ్లకు ఆపైన గాజులాంటి వార్నిష్ పొర ఉంటాయి. అన్నీ కలిపినా మందం సుమారు మిల్లీమీటరులో పదోవంతు. బూడిదలోనూ, పీచుకు అంటుకున్న ఇసుకలోనూ సిలికా ఉంటుంది. అది రంగు కంటే ఎంతో గట్టిది. కాబట్టి తోమేకొద్దీ మచ్చ కాదు, పొరలే అరిగిపోతాయి.

అందుకే చెయ్యి పెట్టేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: రంగు మీదికి ఏదైనా వచ్చి చేరిందా? లేక రంగే పోయిందా? మొదటిది మచ్చ, రెండోది గాయం. ముందు నీళ్లు ధారగా పోసి ఇసుక, దుమ్ము వదిలించాలి. పొడిగుడ్డతో తుడిస్తే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. ఆరిన తరువాత చార మీదుగా గోరు మెల్లగా జరపాలి. గట్టులా తగిలితే ఏదో వచ్చి చేరిందన్నమాట. గోరు లోపలికి దిగి ఆగితే గాయం.

వచ్చి చేరిన దాన్ని తీయడానికి మన ఆడవాళ్లకు తెలిసిన సూత్రమే చాలు. పనసకాయ కోసేముందు చేతికీ కత్తికీ నూనె రాసుకుంటారు కదా! పనసజిగురు నీటికి లొంగదు, నూనెకు లొంగుతుంది. సజాతి పదార్థం సజాతి పదార్థంలోనే కరుగుతుందని మా పుస్తకం చెప్పేది అదే. జిగురు, తారు, గ్రీజు మరకల మీద కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి మెత్తని గుడ్డతో తుడవాలి. పోకపోతే కిరసనాయిలు గాని టర్పెంటైను గాని గుడ్డకు అద్ది తుడిచి, వెంటనే సబ్బునీళ్లతో కడగాలి. ఏది వాడినా ముందు కనపడని మూల పరీక్షించాలి. థిన్నరు జోలికి మాత్రం పోవద్దు. రోడ్డుపక్క షెడ్డులో వేయించిన నైట్రోసెల్యులోజ్ రంగయితే, మరకతోపాటు అదీ కరిగి గుడ్డకు వచ్చేస్తుంది.

ఇక పక్క బండి అంటించిన రంగుచార. ఇది నూనెకు కరగదు. రబ్బింగ్ కాంపౌండు కొద్దిగా తడిగుడ్డ మీద వేసి, వేలితో తేలిగ్గా, చార ఉన్నంత మేరే రుద్దాలి. అది లేకపోతే తెల్ల టూత్‌పేస్టు. అందులోనూ సన్నని రాపిడి పొడే ఉంటుంది. నాలుగుసార్లు రుద్ది, తుడిచి, చూసి మళ్లీ రుద్దాలి. మన బండి రంగు గుడ్డకు వస్తే అక్కడితో ఆపాలి. చివర మైనం పాలిష్ పట్టించాలి.

జీడినూనె కథ వేరు. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ వంటి ఫినాల్ పదార్థాలు గాలి తగిలితే ఒకదానికొకటి ముడిపడి నల్లని గట్టిపొరగా మారతాయి. చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టిన నల్లజీడి కూడా ఈ కుటుంబపు చెట్టుదే. ఆ గుర్తు ఎన్ని ఉతుకులకైనా పోతుందా? పలాస కర్మాగారాల్లో పిక్కలు వలిచే అమ్మల వేళ్లు చూసినా తెలుస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే నూనెతో తుడిస్తే పోతుంది. ఆరిందా, అది మరక కాదు, మరో రంగే. వార్నిష్‌లలో, బ్రేకు లైనింగుల్లో జీడినూనె వాడేది ఈ గుణం వల్లనే.

మరి గాయమైతే? రుద్దడం వృథా. నౌపడాలో ఉప్పు పండించే సముద్రమే మన గాలిలోనూ ఉప్పు చల్లుతోంది. ఉప్పుతేమ తగిలిన ఉత్త ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పైగా తుప్పు రంగు అడుగున పాకుతుంది. పలాస, టెక్కలి వైపు కంటే ఒడ్డు ఊళ్లలో ఇది ఎక్కువ. కాబట్టి ఉప్పు కాగితంతో తుప్పు తీసి, కడిగి ఆరబెట్టి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూసి, పైన రంగు వేయాలి. అందం కోసం కాదు, ఇనుము నిలవడం కోసం.

మడ్‌గార్డుకు అలాగే చేశాం. కొత్త ఎరుపు పాత ఎరుపుతో కలవలేదు, అయినా తుప్పు ఆగింది. టాంకు మీది నల్ల మరక ఇప్పటికీ ఉంది. దానికింద రేకు చెక్కుచెదరలేదు. తీసేద్దామా అని అడిగితే అయ్య నవ్వి, “ఒగ్గేయ్‌రా, దానికీ మన జీడే కాపలా” అన్నాడు.